సంప్రదాయ విల్లుకు బ్రాడ్‌హెడ్ ఎంచుకోవడం ఎలా

గోదావరి జిల్లాల నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలకు వెళ్లి, అక్కడి చట్టం ప్రకారం విల్లుతో వేటాడాలన్న ఆసక్తి కలిగినవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. సెలవులకు ఇంటికి వచ్చి, దాళ్వా కోతలు అయిపోయిన పొలంలో నాలుగు బాణాలు వేసుకునేటప్పుడే చేయదగిన పని ఇందులో చాలా ఉంది. పుల్లీలు లేని విల్లు, అంటే లాంగ్‌బో గానీ రికర్వ్ గానీ వాడేవారు బాణానికి బ్రాడ్‌హెడ్‌ను, అంటే పదునైన బ్లేళ్లు ఉన్న వేట ములికిని, ఏ వరుసలో ఆలోచించి ఎంచుకోవాలో ఒక్కొక్కటిగా చెబుతాను. ములికి ఆకారం చూసి మోజుపడి కొనేయడం అన్నిటికంటే ఆఖరున జరగవలసిన పని. ముందు విల్లు, ఆ తరువాత బాణం, ఆ రెండింటికీ సరిపోయే ములికి చివరన రావాలి.

అన్నిటికంటే ముందు చట్టం సంగతి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వేటను నిషేధిస్తున్నది. ఆ చట్టం ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో విల్లు, బాణాలు కూడా చేరి ఉన్నాయి. కోరింగ, కొల్లేరు వంటి అభయారణ్యాలలోకి రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. పంట పాడుచేసే అడవిపందిని కూడా ఎవరికి వారు నిర్ణయించుకుని కొట్టడానికి వీలులేదు. కాబట్టి డెల్టాలో ఉన్నంతకాలం మీ బాణం గురిబస్తాకే పరిమితం. విదేశంలోనైనా వేటగాళ్ల శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని, ఆ రాష్ట్రం విల్లుకూ ములికికీ పెట్టిన నిబంధనలు చదివిన తరువాతనే డబ్బు ఖర్చుపెట్టండి.

మొదటి పని: మీ చేతిలో విల్లు బలం ఎంతో కొలవడం

విల్లు మీద 45 పౌండ్లు అని రాసి ఉంటే, నారిని 28 అంగుళాలు లాగినప్పుడు అంత బలం పడుతుందని అర్థం. మన వాళ్లలో చాలామందికి చేతి లాగుడు 26, 27 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌండ్లు తగ్గుతాయి గనుక 26 అంగుళాలు లాగేవారి చేతిలో ఆ విల్లు సుమారు 40 పౌండ్ల విల్లే. ఈ తేడా తెలియకుండా ములికి ఎంచుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది.

కొలవడానికి పెద్ద పరికరమేమీ అక్కరలేదు. చేపల వ్యాపారుల దగ్గర ఉండే కొక్కెం కాటా, పాతిక ముప్పై కిలోల వరకు తూగేది, సరిపోతుంది. మీరు అలవాటుగా పూర్తిగా లాగి ఆగినప్పుడు బాణం కర్ర మీద విల్లు ముందు అంచు దగ్గర పక్కనున్నవారి చేత ఒక గీత పెట్టించండి. తరువాత కాటా కొక్కేన్ని నారికి తగిలించి, ఆ గీత మళ్లీ అదే చోటికి వచ్చేంత వరకు లాగి, కాటాలో కనిపించిన కిలోలను 2.2 తో హెచ్చవేయండి. పద్దెనిమిది కిలోలంటే ఇంచుమించు 40 పౌండ్లు. అమెరికాలో పలు రాష్ట్రాలు జింక వేటకు విల్లు కనీస బలాన్ని నిర్దేశించాయి. 35, 40 పౌండ్లు తరచుగా కనిపించే అంకెలు. మీ విల్లు ఆ హద్దుకు దిగువన ఉంటే ములికి గురించి ఆలోచించడం ఇప్పటికి ఆపి, విల్లు గురించి ఆలోచించండి.

రెండవ పని: బాణం మొత్తం బరువు లెక్క

బాణాల బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రాముకు 15.4 గ్రెయిన్లు, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఇందుకు చక్కగా పనికివస్తుంది. సంప్రదాయ విల్లుతో వేటాడేవారు చాలాకాలంగా పాటిస్తున్న కొలత, విల్లు బలంలో ప్రతి పౌండుకు పది గ్రెయిన్లు. మీ చేతిలో విల్లు 43 పౌండ్లయితే బాణం మొత్తం 430 గ్రెయిన్లకు తగ్గకూడదు. 470 వరకు వెళ్లినా మంచిదే.

బరువైన బాణం నెమ్మదిగా పోతుంది గదా అన్న సందేహం సహజం. ఒక ఉదాహరణ చూడండి. ఒకే విల్లు 400 గ్రెయిన్ల బాణాన్ని సెకనుకు 185 అడుగుల వేగంతోనూ, 500 గ్రెయిన్ల బాణాన్ని 170 అడుగుల వేగంతోనూ విసిరిందనుకుందాం. శక్తి లెక్కవేస్తే మొదటిదానికి 41 జౌళ్లు, రెండవదానికి 43 జౌళ్ల పైచిలుకు, తేడా స్వల్పం. ద్రవ్యవేగం, అంటే బరువును వేగంతో హెచ్చవేస్తే వచ్చేది, లెక్కవేస్తే రెండవ బాణానిది దాదాపు 15 శాతం ఎక్కువ. చర్మాన్నీ కండరాన్నీ కోసుకుంటూ లోపలికి పోయేటప్పుడు బాణాన్ని ముందుకు నడిపించేది ఈ ద్రవ్యవేగమే. పుల్లీల విల్లు దగ్గర ఉన్నంత మిగులు శక్తి మన విల్లు దగ్గర ఉండదు గనుక, ఉన్నదానిని వృథా కానివ్వకపోవడమే ఇక్కడి కిటుకు.

ఇప్పుడు ములికికి ఎంత బరువు మిగులుతుందో చూద్దాం. 28 అంగుళాల కార్బన్ కర్ర అంగుళానికి 8 గ్రెయిన్ల చొప్పున 224 గ్రెయిన్లు, ములికి బిగించే అల్యూమినియం ఇన్‌సర్ట్ 20, నారిని పట్టుకునే గాడి ఉన్న వెనుక ముక్క, అంటే నాక్, 10, అయిదంగుళాల ఈకలు మూడు కలిపి మరో 10, మొత్తం 264. మనకు కావలసింది 460 అయితే ములికి సుమారు 200 గ్రెయిన్లు ఉండాలి. లేదా అల్యూమినియం ఇన్‌సర్ట్ తీసేసి 70 గ్రెయిన్ల ఇత్తడి ఇన్‌సర్ట్ వేసి, 150 గ్రెయిన్ల ములికి తీసుకోవచ్చు. పుల్లీల విల్లుల కోసం దుకాణాలలో ఎక్కువగా అమ్మే 100 గ్రెయిన్ల ములికి మన లెక్కలో ఎక్కడా అందదు. ఈ ఒక్క కూడికతోనే అమ్మకానికి ఉన్న ములికులలో సగానికి సగం పక్కకు తప్పుకుంటాయి.

బరువు ముందు వైపు ఉంటే బాణం తిన్నగా నడుస్తుంది. నాక్ గాడి నుంచి కర్ర చివరి వరకు కొలిచి, అందులో సగం ఎక్కడో గుర్తుపెట్టుకుని, ములికి బిగించిన బాణాన్ని వేలి మీద నిలబెట్టి తూగే చోటు చూడండి. 28 అంగుళాల బాణం నాక్ నుంచి పద్దెనిమిదిన్నర అంగుళాల దగ్గర తూగితే, సగానికి నాలుగున్నర అంగుళాలు ముందుకు ఉన్నట్టు. అంటే బాణం పొడవులో 16 శాతం. పన్నెండుకు పైన ఎంత ఉన్నా మంచిదే గానీ, ఆ అంకె కోసం ములికిని విపరీతంగా బరువెక్కిస్తే కర్ర మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. ఇది మరిచిపోకూడని విషయం: కర్ర వంగుడును స్పైన్ అంకెతో చెబుతారు, 28 అంగుళాల దూరంలో రెండు చోట్ల ఆనించి, మధ్యన 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగే కర్రను 500 స్పైన్ అంటారు; అంకె పెద్దదైతే కర్ర మెత్తన. ముందు బరువు పెరిగితే అదే కర్ర విల్లు నుంచి బయటపడేటప్పుడు ఇంకా ఎక్కువగా వంగుతుంది. కాబట్టి ములికి బరువు నిర్ణయించుకున్నాకనే కర్రను పొడవుకు కోయించండి. కోసిన కర్రను మళ్లీ పొడవు చేయలేము.

మూడవ పని: ఆకారం

ఇప్పుడు ఆకారం దగ్గరకు వస్తే, తగిలిన తరువాత విచ్చుకునే బ్లేళ్లున్న ములికులను చూడనే చూడకండి. విచ్చుకోవడానికి కూడా శక్తి ఖర్చవుతుంది, మన విల్లు దగ్గర దుబారాకు శక్తి లేదు. కదలని బ్లేళ్లున్నవే మనకు పనికివస్తాయి. వాటిలోనూ కొన మొద్దు పిరమిడ్‌లా ఉండి, బ్లేడు కాస్త వెనుక నుంచి మొదలయ్యేవి ఉంటాయి. అవి ముందు చర్మాన్ని పొడిచి ఆ తరువాతే కోస్తాయి. కొన నుంచే పదును మొదలయ్యేవి తీసుకోండి.

ఇక రెండు బ్లేళ్లా, మూడా, నాలుగా అన్న ప్రశ్న. వేటగాళ్ల మధ్య ఇది తెగని తగువు. నా పక్షం దాచుకోను. 50 పౌండ్ల లోపు విల్లుకు రెండు బ్లేళ్ల ములికే సరైనది. బ్లేడు పెరిగిన కొద్దీ కోత పెరుగుతుంది, దానితోపాటు అడ్డూ పెరుగుతుంది. మూడు బ్లేళ్లది చేసే గాయం తెరుచుకుని ఉంటుంది, రక్తపు జాడ బాగా పడుతుంది, ఇది నిజమే. కానీ బాణం ఒకవైపు దిగి రెండవవైపు బయటకు రాకుండా లోపలే ఆగిపోతే ఆ లాభం చాలావరకు పోతుంది. రెండవవైపు కూడా రంధ్రం పడితేనే జాడ నేల మీద కనిపిస్తుంది. 50 పౌండ్లు దాటి, బరువైన బాణం వాడేవారు మూడు బ్లేళ్లది వాడుకోవచ్చు. దానికి ఇంకో సౌకర్యం ఉంది, రెండు బ్లేళ్లను ఒకేసారి ఆకురాయి మీద ఆనించి సమానంగా పదును పెట్టవచ్చు. రెండు ప్రధానమైన బ్లేళ్లకు అడ్డంగా చిన్న బ్లేళ్ల జత కలిపిన నాలుగు బ్లేళ్లవి మధ్యేమార్గం. 1950లలో అమెరికాలో విలుకాడు, విల్లుల తయారీదారు ఫ్రెడ్ బేర్ ప్రచారంలోకి తెచ్చిన రేజర్‌హెడ్ ఈ కోవకు చెందినదే. ఆ చిన్న బ్లేళ్ల ముక్కను తీసేసి కూడా వాడుకోవచ్చు.

రెండు బ్లేళ్లలో మళ్లీ రెండు రకాలు. రెండు ముఖాల వైపు నుంచీ సాన పట్టినవి మామూలువి. ఒక్కో అంచుకు ఒకే వైపు నుంచి సాన పట్టినవి సింగిల్ బెవెల్. ఈ రెండవ రకం లోపలికి పోతూ మెలితిరుగుతుంది. ఎముక తగిలితే దానిని చీల్చడానికి ఆ మెలిక ఉపయోగపడుతుంది. ఆఫ్రికాలో పెద్ద జంతువుల మీద బాణాల ప్రవేశాన్ని చాలా ఏళ్లపాటు పరిశీలించిన ఎడ్ ఆష్బీ ఈ రకాన్నీ, వెడల్పుకు మూడింతల పొడవున్న సన్నని ములికినీ సమర్థించారు. అయితే ఆయన అన్నిటికంటే ముందు పెట్టినది బాణం ఎక్కడా విరగకుండా, వంగకుండా ఉండటం. ఆ తరువాత బాణం తిన్నగా ఎగరడం. ఆయన చెప్పిన 650 గ్రెయిన్ల అంకె పెద్ద ఎముకలను దాటవలసిన బాణాలకు సంబంధించినది. 43 పౌండ్ల విల్లుతో జింక కోసం 650 గ్రెయిన్ల బాణం కట్టుకుంటే అది పదిహేను గజాల తరువాత నేల చూపులు చూస్తుంది. ఆ అంకె చదివి కంగారుపడనవసరం లేదు.

సింగిల్ బెవెల్ తీసుకుంటే ఒక షరతు ఉంది. కుడి సాన ఉన్న ములికికి కుడివైపు తిరిగే ఈకలే ఉండాలి, ఎడమదానికి ఎడమవి. గాలిలో ఒకవైపు, లోపల ఇంకోవైపు తిరగవలసి వస్తే మెలిక వల్ల వచ్చే లాభం ఆ తిరుగుడు ఆగి మళ్లడంలోనే హరించుకుపోతుంది. ఈకలు ఏ వైపువో మీకు తెలియకపోతే, తెలుసుకునే వరకు మామూలు రెండు ముఖాల సాన ఉన్నదే నయం. జింక వేటకు అది ఏ విధంగానూ తక్కువ కాదు.

వెడల్పు ఒక అంగుళం నుంచి అంగుళంపావు లోపు ఉంటే చాలు. పలు అమెరికా రాష్ట్రాలలో కనీస వెడల్పు 7/8 అంగుళం, అంటే 22 మిల్లీమీటర్లు. బ్లేడు వెనుక మూలలు ఎటు చూస్తున్నాయో కూడా గమనించండి. వెనుక అంచు కర్రకు నిలువుగా గానీ, ఏటవాలుగా కర్రలో కలిసేలా గానీ ఉండాలి. మూలలు వెనక్కి పొడుచుకువచ్చినవాటిని చాలాచోట్ల నిషేధించారు. బాణం జారి బయటకు వచ్చే వీలు జంతువుకు ఉండాలన్నది దాని వెనుక ఉద్దేశం.

నాలుగవ పని: ఉక్కు, కట్టుబడి

ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ సి కొలతలో చెబుతారు. 52 నుంచి 56 వరకు ఉన్న ములికి మామూలు ఆకురాయికి లొంగుతుంది, పదునూ నిలుపుకుంటుంది. 58 దాటితే ఆకురాయి జారిపోతుంది. వజ్రపు పొడి అద్దిన సానపలక కావాలి. బాగా మెత్తనిది ఇంట్లోనే తేలికగా పదునెక్కుతుంది గానీ పక్కటెముక తగిలితే కొన ముడుచుకుంటుంది. కొన మరీ సూదిలా ఉన్నది కొనవలసి వస్తే, ఆకురాయితో ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీసి ఉలి అంచులా చేయండి. ఒకే ఉక్కు దిమ్మ నుంచి తీసినవి ధర ఎక్కువైనా నాకు నచ్చుతాయి. ఉక్కు పలకలను అతికి చేసిన జ్విక్కీ వంటి పాతకాలపు ములికులు కూడా దశాబ్దాలుగా పనిచేస్తూనే ఉన్నాయి. చవకైన వాటిలో మాత్రం బ్లేడు, కర్రకు తగిలించే గొట్టం కలిసే చోట అతుకు పూర్తిగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి.

మరచుట్టుతో బిగించేవా, జిగురుతో అతికించేవా అన్నది మీ కర్రను బట్టి ఉంటుంది. కార్బన్, అల్యూమినియం కర్రలకు మరచుట్టువి సులువు. చెక్క, వెదురు కర్రలకు జిగురువి. కర్ర కొనను 5 డిగ్రీల వాలుగా చెక్కి, కరిగించిన హాట్‌మెల్ట్ జిగురుతో అతికిస్తారు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండరెడ్ల, కోయల వెదురు విల్లులను చూసి మనసుపడి వెదురు బాణాలు కట్టుకునేవారు డెల్టాలోనూ ఉన్నారు. అలాంటివారు ములికి వెనుక ఒక అంగుళం మేర గట్టి దారాన్ని వరుసగా చుట్టి జిగురు పూయాలి, లేకపోతే మొదటి గట్టి దెబ్బకే వెదురు నిలువునా చీలుతుంది. వేడిచేసేటప్పుడు మంట గొట్టానికి మాత్రమే తగలాలి. బ్లేళ్లను తడిగుడ్డలో చుట్టి పట్టకారుతో పట్టుకోండి. బ్లేడు రంగు నీలంగా మారిందంటే ఉక్కు మెత్తబడినట్టే. కార్బన్ కర్రనైతే మంటకు అసలు చూపకండి.

అతికించాక, జిగురు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే తిన్నదనం పరీక్షించాలి. బాణాన్ని ములికి కొన మీద చెక్క బల్లపై నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టి బొంగరంలా తిప్పండి. ములికి, కర్ర కలిసే చోటును కన్నార్పకుండా చూడండి. అక్కడ వణుకు కనిపిస్తే ములికి వంకరగా కూర్చుంది. మళ్లీ వేడిచేసి కొద్దిగా తిప్పి చూడాలి. మరచుట్టు ములికి వణికితే దానిని వేరే కర్రకు బిగించండి. అక్కడ వణకకపోతే మొదటి కర్ర కోత సమంగా లేదన్నమాట. కర్ర చివరను సన్నని ఉప్పుకాగితం మీద నిలువుగా తిప్పి చదును చేయవచ్చు. ఈ పరీక్షలో నెగ్గని ములికి ఎంత ఖరీదైనదైనా బాణానికి ఎక్కించకండి. ములికి బ్లేళ్లు గాలిని పట్టుకుంటాయి, ముందు రెక్క వంకరగా ఉన్న బాణాన్ని వెనుక ఈకలు సరిదిద్దలేవు.

అయిదవ పని: గురి చూసుకోవడం

ఎంచుకున్న బరువుకు సరిగ్గా సమానమైన ఫీల్డ్ పాయింట్లు, అంటే బ్లేళ్లు లేని సాధన ములికులు, తీసుకుని డెల్టాలో ఉండగానే సాధన మొదలుపెట్టండి. ఇందుకు చోటు ముఖ్యం. ఏప్రిల్‌లో దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లో పొలాలు ఖాళీగా కనిపిస్తాయి గానీ నిజానికి ఖాళీగా ఉండవు. రాలిన గింజల కోసం బాతుల మందలను తోలుకొచ్చేవారు, గట్టు మీదుగా అడ్డదారిన నడిచేవారు, కొబ్బరి తోటలో కాయలు దింపేవారు ఎటునుంచైనా రావచ్చు. ఎత్తైన చెరువు గట్టు వెనుక ఉండేలా, ఆ గట్టు అవతల మనుషులెవరూ లేరని చూసుకుని, పదిహేను ఇరవై మీటర్ల దూరంలో గురి పెట్టుకోండి.

ఖాళీ రొయ్యల మేత సంచిలో పాత ప్లాస్టిక్ సంచులు, పాత బట్టలు కుక్కి కుట్టిస్తే ఫీల్డ్ పాయింట్లకు అంతకు మించిన గురిబస్తా ఉండదు. రొయ్యల ఎగుమతికి వాడే థర్మోకోల్ పెట్టెలు మాత్రం పనికిరావు. బాణం వాటిలో నుంచి ఆగకుండా దూసుకుపోతుంది. బ్రాడ్‌హెడ్‌కు మేత సంచి కూడా పనికిరాదు, నాలుగు దెబ్బలకే చీలికలు పేలికలైపోతుంది. ఒకదానిపై ఒకటి పేర్చి గట్టిగా బిగించిన దట్టమైన ఫోమ్ పలకలు కావాలి. ఇసుక కుప్ప మీద బ్రాడ్‌హెడ్ వేస్తే పదును అక్కడికక్కడే పోతుంది. వరిగడ్డి మోపులోకి వేస్తే బాణం లోపల పూర్తిగా దాగిపోతుంది, వెతకడానికి చెయ్యిపెడితే వేళ్లు తెగుతాయి.

ముందు ఈకలు తీసేసిన బాణంతో పరీక్షించాలి. కుడిచేతి వాటం వారికి ఈకలు లేని బాణం ఈకలున్న వాటికంటే ఎడమకు పడితే కర్ర గట్టిది, కుడికి పడితే మెత్తనిది. ఎడమకు పడుతుంటే ముందు బరువు పెంచండి. కుడికి పడుతుంటే కర్రను పావు అంగుళం చొప్పున కోస్తూ మళ్లీ చూడండి. కిందికి పడుతుంటే నారి మీద నాక్ ఆనే చోట వేసిన కట్టు ఎక్కువ ఎత్తులో ఉంది, దానిని కొద్దిగా దించండి. ఇది కుదిరాక బ్రాడ్‌హెడ్ బిగించి, ఫీల్డ్ పాయింట్లతో పక్కపక్కన వేయండి. రెండూ ఒకే చోట గుంపుగా పడితే పని పూర్తయినట్టే. బ్రాడ్‌హెడ్ తప్పుదారి పడితే పైన చెప్పిన దిద్దుబాట్లే దానికీ వర్తిస్తాయి. కొంచెం తేడా మిగిలితే, అంతకంటే పొట్టి ఈకలు వాడుతున్నవారు అయిదంగుళాల ఈకలకు మారడం తేలికైన మందు. ప్లాస్టిక్ ఈకలు వద్దు. బాణాన్ని విల్లు పిడి మీదనే ఆనించి వేసేవారికి అవి పిడికి తగిలి బాణాన్ని పక్కకు నెట్టేస్తాయి.

ఇంకొక జాగ్రత్త. పూర్తిగా లాగినప్పుడు బ్లేడు మీ ఎడమచేతి చూపుడువేలికి కనీసం ఒక అంగుళం ముందు ఉండాలి. ఫీల్డ్ పాయింట్లతో సరిపోయిన పొడవు బ్రాడ్‌హెడ్‌తో ప్రమాదకరం కావచ్చు. దీనిని ముందే చూసుకోండి.

ఆరవ పని: పదును

బాణం తుపాకి గుండులా దెబ్బ తాకిడితో చంపదు. ఊపిరితిత్తుల గుండా పోయి, రక్తనాళాలను శుభ్రంగా కోస్తేనే జంతువు కొద్ది సెకన్లలో పడిపోతుంది. మొండి అంచు నాళాలను పక్కకు నెట్టి జారిపోతుంది. అందుకనే పద్దెనిమిది మీటర్ల లోపు, జంతువు పక్కగా గానీ కొంచెం అవతలి వైపు తిరిగి గానీ నిలబడినప్పుడే బాణం వదలాలని అనుభవజ్ఞులు చెబుతారు. పెట్టెలో నుంచి తీసిన ములికి పదునుగానే ఉందని నమ్మకండి. చాలా రకాలు సాన మాత్రమే పట్టి, ఆఖరి పదును కొన్నవారికే వదిలేస్తారు.

ములికిని చిన్న కర్ర ముక్కకు బిగించి పిడిలా పట్టుకోండి. రెండు ముఖాల సాన ఉన్నదైతే అంచు వాలు మీద నల్ల మార్కర్ పెన్నుతో రంగు పూయండి. కొత్త ఆకురాయిని బల్లకు కదలకుండా బిగించి, దాని పళ్లలో ఇనుప రజను ఇరుక్కోకుండా సుద్దముక్క రుద్దండి. బ్లేడును సుమారు 20 డిగ్రీల వాలులో ఆనించి, అంచు ముందుకు ఉండేలా, వెనుక మూల నుంచి కొన వరకు ఒకే తోపుగా నడపండి. నాలుగు తోపుల తరువాత ఆగి రంగు చూడండి. అంచు దగ్గర మాత్రమే రంగు పోతే వాలు ఎక్కువైంది, వెనుక మాత్రమే పోతే తక్కువైంది. వాలంతా ఒక్కసారే తెల్లబడాలి. ఒకవైపు అలా చేస్తూ పోతే కాసేపటికి రెండవవైపు అంచున రేకులాంటి సన్నని ఇనుప పొర చుట్టుకుంటుంది. బొటనవేలిని అంచుకు అడ్డంగా, మధ్య నుంచి బయటకు జరిపితే గరుకుగా తగులుతుంది. అంచు పొడవునా ఆ గరుకు తగిలినప్పుడే రెండవవైపుకు మారాలి. మధ్యలో ఒక్క చోట నునుపుగా ఉన్నా అక్కడ పని మిగిలి ఉన్నట్టే.

రెండు వైపులా అయ్యాక గరుకు సానరాయి, తరువాత నునుపు సానరాయి, ప్రతిసారీ ఒత్తిడి తగ్గిస్తూ. చివరకు పాత తోలు బెల్టును చెక్క పలకకు అంటించి, పచ్చని క్రోమియం ఆక్సైడ్ పేస్టు రుద్ది, అంచును వెనక్కి లాగుతూ ఇరవై ముప్పై సార్లు దిద్దండి. చేతి మీద వెంట్రుకలు తెగితే పదునైందని చాలామంది అనుకుంటారు. అంచున మిగిలిపోయిన ఆ సన్నని పొర కూడా వెంట్రుకలు కోస్తుంది, కానీ మొదటి తాకిడికే మడతపడిపోతుంది. దీనికి నమ్మదగిన పరీక్ష రబ్బరు బ్యాండు. రెండు మేకుల మధ్య వదులుగా, దాదాపు సాగదీయకుండా తగిలించి, బ్లేడును దాని మీద నొక్కకుండా జార్చండి. ఆ తాకిడికే తెగిపోవాలి. కిందికి వంగి ఆ తరువాత తెగితే మళ్లీ సాన దగ్గరకు వెళ్లండి. ఈ పని చేతకాదనిపిస్తే కల్లుగీత కార్మికులు కత్తి దిద్దుకునే తీరును ఒక ఉదయం పక్కన కూర్చుని చూడండి. చేతి వాలు ఎప్పుడూ మారకుండా ఉంచడం ఏమిటో కంటికి కనిపిస్తుంది.

ఆకురాయి గరుకు అంచునే ఉంచేయాలనే పాత వాదం ఒకటి ఉంది. నేను దిద్దిన నునుపు అంచు వైపే మొగ్గుతాను, గాయం శుభ్రంగా తెగుతుంది గనుక.

డెల్టాలో ఉంచుకోవడం, తీసుకువెళ్లడం

అంతర్వేది నుంచి కాకినాడ దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో కార్బన్ ఉక్కు రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది, తుప్పు మొదట పట్టేది అన్నిటికంటే సన్నగా ఉండే పదును అంచునే. స్టెయిన్‌లెస్ ఉక్కు కొంత ఆగుతుంది గానీ పూర్తిగా కాదు. దిద్దిన వెంటనే అంచుకు కుట్టుమిషన్ నూనెను గానీ పెట్రోలియం జెల్లీని గానీ పలుచగా రాసి, ఒక్కో ములికిని విడిగా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో సహా పెట్టండి. కొబ్బరి నూనె చేతికి అందుబాటులో ఉంటుంది గానీ కొన్నాళ్లకు జిగటగా మారి తేమను పట్టుకుంటుంది. తోలు ఒరలో ఎక్కువకాలం ఉంచకండి, వానాకాలంలో తోలు తేమను పీల్చి అంచుకు అంటిస్తుంది. ఈకల బాణాలను నిలువుగా వేలాడదీయండి. వెదురు కర్రలు జూలై, ఆగస్టు తేమకు వంగుతాయి, సన్నని వేడి మీద చూపి చేత్తో సరిచేసుకోవచ్చు.

బిగించేటప్పుడు, విప్పేటప్పుడు వేళ్లతో పట్టుకోకుండా బ్రాడ్‌హెడ్ పానాను గానీ మూతి సన్నని పట్టకారును గానీ వాడండి. అమ్ములపొదిలో ములికులను పూర్తిగా కప్పే ఫోమ్ టోపీ ఉండాలి. ఒకే రకానివి కనీసం మూడు తీసుకుని, ఒకదానిని సాధనకే కేటాయించి దానిపై రంగు గీత పెట్టండి. మిగిలినవి గురిబస్తాను ఎన్నడూ తాకకూడదు.

విమానంలో విల్లు, బాణాలు చేతి సామానులో అనుమతించరు. ములికులను కర్రల నుంచి విప్పి, గట్టి డబ్బాలో ఫోమ్‌లో గుచ్చి, తెరిచి తనిఖీ చేసేవారి చేతికి అంచు తగలని విధంగా చెక్ఇన్ సామానులో పెట్టండి. దిగిన తరువాత మొదట తుప్పు చూసి, మళ్లీ తోలు మీద దిద్ది, రబ్బరు బ్యాండు పరీక్ష చేసి, ఒక్కో బాణాన్నీ తిరిగి తిప్పి చూసుకుని, సాధన ములికితో నాలుగైదు బాణాలు వేసి గురి మారలేదని తేల్చుకోండి.